ఫ్లూయిడైజేషన్ సదస్సుకు పేపరు సంగ్రహాన్ని అంగీకరించారు, ప్రయాణానికి డబ్బు ఎలా?

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజనీరింగ్‌లో పిహెచ్‌డి మూడో ఏడాదిలో ఉన్నాను. వరి ఊకను ఇసుకతో కలిపి ఫ్లూయిడైజ్ చేసినప్పుడు, అంటే కింది నుంచి గాలి ఊది ద్రవంలా ఆడించినప్పుడు, అవి ఎలా కలుస్తాయి, ఎప్పుడు విడిపోతాయి అన్నది నా పని. యూరప్‌లో జరిగే అంతర్జాతీయ ఫ్లూయిడైజేషన్ సదస్సుకు పంపిన సంగ్రహాన్ని అంగీకరించారు. ఇంకా ఏడు నెలల సమయం ఉంది. గైడ్‌గారి ప్రాజెక్టు ముగిసిపోయింది, విభాగంలో నిధులు లేవు. అమెరికాలో చదువుతున్న స్నేహితురాలికి అక్కడి ప్రభుత్వ పరిశోధనా నిధుల సంస్థ ఎన్ఎస్ఎఫ్ సహాయం దొరికిందట. నాకూ దొరుకుతుందా? అసలు ఇంత ఖర్చుపెట్టి వెళ్లడం అవసరమా?

జవాబు:

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. దరఖాస్తు ఫారంలో మీరు నింపబోయే గడులన్నిటిలో ముఖ్యమైనది అదే.

నేను మొదటిసారి ఇలాంటి సదస్సుకు వెళ్లినప్పుడు నా దగ్గర ఐదు సెంటీమీటర్ల వెడల్పు గాజు గొట్టంలో రెండేళ్లు చేసిన ప్రయోగాల ఫలితాలు ఉన్నాయి. ప్రసంగం అయింది, చప్పట్లు కొట్టారు, ఎవరూ ఏమీ అడగలేదు. అది శుభసూచకమనుకున్నాను. మరునాడు పొద్దున టిఫిను బల్ల దగ్గర నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి, రిఫైనరీల్లోనే తల నెరిసినవాడు, “మీ గొట్టం వ్యాసం ఎంత?” అని ఒక్క మాట అడిగాడు. చెప్పాను. ఆయన కాగితపు రుమాలు మీద రెండు గీతలు గీసి, మధ్యలో ఒక బుడగ వేశాడు. ఆ బుడగను పెద్దది చేస్తూ పోయి రెండు గీతలకూ ఆనించాడు. అంతే, నాకు చెమటలు పట్టాయి. బుడగ గొట్టమంత వెడల్పయితే అది బిరడాలాగా పొడినంతా పైకి నెట్టుకుపోతుంది. నేను రెండేళ్లుగా కొలుస్తున్నది పొడి గుణాన్ని అనుకున్నాను, కొలిచింది మాత్రం గొట్టం గుణాన్ని. ఇంటికొచ్చి ముప్పై సెంటీమీటర్ల కాలమ్ కట్టించాను. ఆ తర్వాతి పని ఇప్పటికీ నలుగురు చదువుతున్నారు. మొదటి రెండేళ్ల పని నేను కూడా చదవను.

ఆ విషయం పుస్తకాల్లో లేక కాదు. ఉంది. నేను చదివాను కూడా. అది నా గొట్టానికి వర్తిస్తుందని చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు.

ఈ రంగం పుట్టుకే అలాంటిది. ఫ్రిట్జ్ వింక్లర్ 1922లో పేటెంటు తీసుకుని, 1926 నాటికి జర్మనీలోని లాయ్నాలో బొగ్గును గ్యాసుగా మార్చే ఫ్లూయిడైజ్డ్ బెడ్‌ను, అంటే గాలితో ఇలా ఆడే పొడి పొరను, పెద్ద ఎత్తున నడిపాడు. యుద్ధకాలంలో, 1942 మే నెలలో, అమెరికాలోని బేటన్ రూజ్‌లో బరువైన చమురును పెట్రోలుగా విరిచే మొదటి ఫ్లూయిడ్ క్రాకింగ్ యూనిట్ మొదలైంది. ఏ పొడి ఎలా ప్రవర్తిస్తుందో నాలుగు జాతులుగా విడదీసి గెల్డార్ట్ చెప్పింది మాత్రం 1973లో. అంటే యంత్రాలు ముందు నడిచాయి, వర్గీకరణ సుమారు అర్ధశతాబ్దం తర్వాత వచ్చింది. ఇప్పటికీ చాలా తెలివి ప్లాంట్లు నడిపేవాళ్ల తలల్లోనే ఉంది. వాళ్లు పేపర్లు రాయరు, కంపెనీలు రాయనివ్వవు. కానీ టిఫిను బల్ల దగ్గర మాట్లాడతారు. వెళ్లాలా అంటే, వెళ్లాలి.

ఇక డబ్బు. ముందుగా మీ స్నేహితురాలి సంగతి తేల్చేద్దాం. ఎన్ఎస్ఎఫ్ ఇలాంటి సదస్సులకు ఇచ్చే ప్రయాణ సహాయం నేరుగా విద్యార్థి చేతికి రాదు. అమెరికాలోని ఒక ప్రొఫెసరో, నిర్వాహక బృందంలో ఒకరో ఒక చిన్న ప్రతిపాదన రాస్తారు. మన రంగానికైతే అది సాధారణంగా పార్టిక్యులేట్ అండ్ మల్టీఫేజ్ ప్రాసెసెస్ అనే కార్యక్రమానికి వెళుతుంది. మంజూరైన మొత్తాన్ని అమెరికా విశ్వవిద్యాలయాల్లోని విద్యార్థులకూ, కొత్తగా చేరిన అధ్యాపకులకూ పంచుతారు. అది అమెరికా పన్ను చెల్లింపుదారుల డబ్బు, అమెరికా ప్రయోగశాలల కోసం. మీకు రాదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. అయితే ఆ స్నేహితురాలికి నా తరఫున రెండు మాటలు చెప్పండి. ఒకటి, ఆ డబ్బుతో కొనే టికెట్టు అమెరికా విమాన సంస్థలదో, ఒప్పందాలు అనుమతించిన సంస్థలదో అయి ఉండాలి. చవకగా దొరికిందని గల్ఫ్ విమానం ఎక్కితే బిల్లు తిరిగొస్తుంది. రెండు, ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్న మన పిల్లలు యూరప్ వీసా గురించి కంగారు పడతారే గాని, పాస్‌పోర్టులో అమెరికా వీసా ముద్ర గడువు తీరిందేమో చూసుకోరు. అది తీరిపోయి ఉంటే తిరిగి అడుగుపెట్టే ముందు మళ్లీ ముద్ర వేయించుకోవాలి. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం తాజాగా ఉందో లేదో కూడా చూసుకోమనండి. సదస్సుకు వెళ్లి, ఆ ముద్ర కోసం హైదరాబాద్‌లో రెండు నెలలు ఇరుక్కుపోయిన పిల్లలు నాకు తెలుసు.

ఇప్పుడు మీ సంగతి. మన దేశంలో పెద్ద దారి అంతర్జాతీయ ప్రయాణ సహాయ పథకం. దాన్ని చాలాకాలం ఎస్ఇఆర్‌బి అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చూసింది. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో ఆ సంస్థ కలిసిపోయింది కాబట్టి మీ సీనియర్లు ఇచ్చిన పాత లింకులూ పాత ఫారాలూ పక్కన పెట్టి కొత్త పోర్టల్‌లో ఉన్న నియమాలే చదవండి. నేను చూసినన్నాళ్లూ దాని స్వభావం ఇది: ఎకానమీ తరగతిలో అతి దగ్గరి మార్గపు విమాన ఛార్జీ, వీసా రుసుము, చిన్న వయసు పరిశోధకులకు రిజిస్ట్రేషన్ రుసుము. బసకూ భోజనానికీ ఇవ్వరు. మరో కేంద్ర పరిశోధనా సంస్థ సిఎస్ఐఆర్ ఇచ్చే ప్రయాణ గ్రాంటు తరచుగా పాక్షికంగానే ఉంటుంది. విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్ కార్యాలయంలో కూడా ఇలాంటి పద్దు ఒకటి ఉండవచ్చు. అడిగేవాళ్లు లేక ఏటా మురిగిపోతుంటుంది. అడగండి. మీకు ప్రధానమంత్రి పరిశోధనా ఫెలోషిప్ ఉంటే ఏడాదికి వచ్చే రెండు లక్షల గ్రాంటు ఇలాంటి ఖర్చులకే ఉంది, కానీ మీ ప్రశ్న చూస్తే అది లేదనిపిస్తోంది.

ఇక్కడే మన రంగానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఇది ఏ మార్గదర్శకంలోనూ రాసి ఉండదు.

ఈ ఫ్లూయిడైజేషన్ సదస్సుల వరుస 1975లో కాలిఫోర్నియా తీరంలోని అసిలోమార్‌లో మొదలైంది. సుమారు మూడేళ్లకోసారి ఊరు మారుతుంది: 1978లో కేంబ్రిడ్జ్, 1989లో కెనడా కొండల్లోని బాన్ఫ్, 2001లో బీజింగ్, 2004లో నేపుల్స్ దగ్గరి ఇస్కియా దీవి, 2019లో గుయిలిన్, 2023లో ఎడిన్‌బరో. ఆ పేర్లలో చాలా వరకు విహారస్థలాలని గమనించే ఉంటారు. కావాలనే అలాంటి చోట్లు ఎంచుకుంటారు. వేలమంది వచ్చే జాతర కాదిది. వచ్చినవాళ్లందరూ ఒకే చప్పరం కింద తిని, ఒకే చోట పడుకుని, పొద్దునా రాత్రీ సభల్లో కూర్చుంటారు. మధ్యాహ్నాలు తరచుగా ఖాళీగా వదిలేస్తారు, చర్చల కోసం. నా గొట్టం బండారం బయటపడింది అలాంటి ఏర్పాటు వల్లే.

కానీ దీన్ని మన ఆడిట్ విభాగం కళ్లతో చూడండి. రుసుములో గది, భోజనం, రిజిస్ట్రేషన్ అన్నీ ఒకే మొత్తంగా ఉంటాయి. మన పథకమేమో అందులో రిజిస్ట్రేషన్ మాత్రమే ఇస్తుంది. ఫారంలో ఆ పెద్ద మొత్తాన్ని రిజిస్ట్రేషన్ గడిలో రాస్తే కమిటీలో ఎవరో ఒకరు “ఇంత రుసుమా?” అని కళ్లద్దాలు సవరించుకుంటారు. ఆ ఒకరు చాలాసార్లు నేనే, అందుకే చెబుతున్నాను. ఒకవేళ మంజూరైనా, తిరిగొచ్చాక గుమాస్తా ఆ రసీదు చూసి మొత్తం ఆపేస్తాడు. తప్పు అతనిది కాదు, అతని పుస్తకంలో బస వేరు, రుసుము వేరు. కాబట్టి ఈరోజే నిర్వాహకులకు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. రుసుములో రిజిస్ట్రేషన్ ఎంత, బస ఎంత, భోజనం ఎంత అని విడదీసి సంస్థ కాగితం మీద ఇవ్వమని అడగండి. ఇలాంటి విన్నపాలు వాళ్లకు కొత్త కాదు. ఆ ఉత్తరంలోనే ఇంకో రెండు అడగండి: విద్యార్థులకు తగ్గించిన రుసుము, ఇద్దరికి ఒక గది. మూడోది కూడా అడగవచ్చు, తక్కువ ఆదాయ దేశాల నుంచి వచ్చేవారికి రుసుము మినహాయింపు ఏమైనా ఉందా అని. లేదంటే లేదంటారు. పోయేదేమీ లేదు.

ఖాళీ మధ్యాహ్నాల సంగతి కూడా దరఖాస్తులో మీరే ముందు చెప్పండి. కార్యక్రమ పత్రం జతచేయమంటారు. అందులో “మధ్యాహ్నం విరామం” అని నాలుగు రోజులు కనిపిస్తే, పక్కనే సముద్రం ఉన్న ఊరి పేరు కనిపిస్తే, ఇది చదువా షికారా అన్న అనుమానం రాకుండా ఉండదు. ఆ సమయం ఎవరెవరితో మాట్లాడటానికి వాడుకుంటారో రెండు పేర్లతో రాయండి. వాళ్లకు ముందే ఉత్తరం రాసి, కలుస్తామన్న జవాబు సంపాదించి జతచేస్తే ఇంకా మంచిది. అలాంటి జవాబు జతచేసిన దరఖాస్తును నేను పక్కన పెట్టిన గుర్తు లేదు.

ఇక “ఈ సదస్సుకు వెళ్లవలసిన అవసరం” అనే గడి. అక్కడ దాదాపు అందరూ రాసేది ఒకటే: ప్రపంచ ప్రఖ్యాత శాస్త్రవేత్తలను కలుస్తాను, నా జ్ఞానం పెరుగుతుంది, దేశానికి పేరు తెస్తాను. ఇరవై దరఖాస్తులు చదివాక ఇవన్నీ ఒకే చేత్తో రాసినట్టుంటాయి. కమిటీలో ఫ్లూయిడైజేషన్ తెలిసినవాడు ఒక్కడు కూడా ఉండకపోవచ్చు. సివిల్ వాళ్లుంటారు, గణితం వాళ్లుంటారు. వాళ్లకు అర్థమయ్యేలా, మీ ఊకతోనే చెప్పండి. ఇంగ్లీషులో మీరు రాసుకోండి, విషయం మాత్రం ఇలా ఉండాలి:

“వడ్ల బరువులో సుమారు ఐదో వంతు ఊక. గోదావరి, కృష్ణా జిల్లాల మిల్లుల దగ్గర అది గుట్టలుగా పడుతుంది. దాన్ని గ్యాసుగా మార్చాలంటే ఫ్లూయిడైజ్డ్ బెడ్ అనువైన మార్గం. కానీ ఊక గింజ పొడుగ్గా, తేలికగా ఉంటుంది. ఒంటరిగా గాలిలో సరిగ్గా ఆడదు, ఒకదానికొకటి చిక్కుకుంటుంది. ఇసుక కలిపితే ఆడుతుంది గానీ, కొన్ని వేగాల దగ్గర ఊక పైకి తేలి, ఇసుక కింద మిగిలిపోతుంది. అప్పుడు వేడి ఒకచోట పేరుకుని బూడిదతో ఇసుక గడ్డకట్టే ప్రమాదం ఉంది. నా ప్రయోగాలు చిన్న కాలమ్‌లో జరిగాయి. ఈ ఫలితాలు మిల్లు దగ్గర పెట్టే పెద్ద బెడ్‌కు వర్తిస్తాయా లేదా అని తేల్చుకోవడానికి, పెద్ద బెడ్‌లలో ఊకలాంటి బయోమాస్‌తో పనిచేసిన ఫలానా ఇద్దరితో మాట్లాడాలి. వాళ్లిద్దరూ ఈ సదస్సుకు వస్తున్నారు.”

మరమరాల బట్టీ చూసిన వాళ్లకు ఇది ఇట్టే బోధపడుతుంది. వేడి ఇసుకలో గింజలు వేసి గరిటె తిప్పుతారే, ఇక్కడ గరిటె పని గాలి చేస్తుంది. ఆ పోలిక కూడా వాడుకోవచ్చు. చిన్నతనంగా అనుకోకండి. దేశంలో ఈ పనికి అవసరం ఉందని చూపించాలంటే బీహెచ్ఈఎల్ హైదరాబాద్ పరిశోధనా కేంద్రం 2021లో ఫ్లూయిడైజ్డ్ బెడ్ గ్యాసిఫైయర్‌తో మన బూడిద ఎక్కువ బొగ్గు నుంచి మెథనాల్ తీసిన సంగతి ఒక వాక్యంలో చెప్పండి. విశాఖ రిఫైనరీలో నడిచే క్రాకింగ్ యూనిట్లు కూడా ఇదే కుటుంబమని గుర్తుచేయండి. అంతకన్నా ఎక్కువ వద్దు.

ఏడు నెలలు చాలా అనిపిస్తుంది, కానీ వెనక నుంచి లెక్కపెడితే చాలదు. యూరప్‌లోని చాలా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు చేయాలి. వేసవిలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం కాబట్టి ఆ పదిహేను రోజుల మాట మరచిపోయి రెండు నెలలనుకోండి. వీసా ఫైలులో “ఖర్చు ఎవరు భరిస్తారు?” అన్నదానికి మంజూరు పత్రం కావాలి. విద్యార్థి బ్యాంకు ఖాతాలో ఫెలోషిప్ తప్ప ఏమీ ఉండదు, ఆ పత్రమే మీ బలం. దాంతో పాటు విశ్వవిద్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, నిర్వాహకుల ఆహ్వానం, కనీసం ముప్పై వేల యూరోల వైద్య బీమా. మంజూరు పత్రం రావాలంటే దరఖాస్తు చాలా ముందు వెళ్లాలి. దరఖాస్తు వెళ్లాలంటే గైడ్, విభాగాధిపతి, రిజిస్ట్రార్ ముగ్గురి సంతకాలు పడాలి. ఈ మూడు సంతకాలకు మన విశ్వవిద్యాలయాల్లో ఎంత కాలం పడుతుందో మీకు నేను చెప్పనక్కర లేదు. నేను చూసినంతలో డబ్బు లేక ఆగిపోయినవాళ్ల కన్నా ఫైలు ఒక బల్ల మీద నిద్రపోయి ఆగిపోయినవాళ్లే ఎక్కువ. ఈ వారంలోనే ఫైలు కదపండి. పూర్తి పేపరు అంగీకారం వచ్చాక చూద్దామని ఆగకండి. ఇప్పుడున్న అంగీకార పత్రంతో ఎంతవరకు నింపగలరో అంతవరకు నింపి పెట్టుకోండి.

రెండు చోట్ల నుంచి పాక్షిక సహాయం వస్తే సంతోషమే. కానీ ఒకరి సంగతి మరొకరికి రాతపూర్వకంగా చెప్పండి. ఏ ఖర్చు ఎవరి పద్దులో అని ముందే విడదీసుకోండి: టికెట్టు ఒకరికి, రిజిస్ట్రేషన్ ఇంకొకరికి. ఒకే రసీదు అసలు ప్రతి రెండు చోట్ల పెట్టలేరు గదా. విడదీయకుండా వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక నిజాయితీగా ఖర్చుపెట్టిన డబ్బుకే సంజాయిషీ రాయవలసి వస్తుంది.

టికెట్టు కొనే ముందు మంజూరు ఉత్తర్వు రెండుసార్లు చదవండి. ఒకప్పుడు ప్రభుత్వ డబ్బుతో వెళితే ఎయిరిండియా తప్పనిసరి. ఆ సంస్థ చేతులు మారాక, బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే మూడు సంస్థల ద్వారా కొనమన్న నియమం ప్రభుత్వ ప్రయాణాలకు వచ్చింది. మీ ఉత్తర్వులో ఏది రాశారో అదే చేయండి. ఫోనులో నాలుగు వేలు తక్కువకు కనిపించిందని తొందరపడితే ఆ నాలుగు వేలు మిగలవు, మొత్తం టికెట్టే మీ జేబు మీద పడుతుంది.

ఈ గ్రాంట్లు చాలావరకు ముందు ఖర్చుపెట్టి తర్వాత తీసుకునేవే. చేతిలో డబ్బు లేని విద్యార్థికి అసలు కష్టం ఇక్కడే ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మంజూరు పత్రం చూపించి విశ్వవిద్యాలయం నుంచి అడ్వాన్సు అడగండి. చాలా చోట్ల ఇస్తారు, అడిగే విధానం తెలిసిన సూపరింటెండెంటు ఒకరు ఉంటారు, వారిని పట్టుకోండి. విమానాశ్రయం నుంచి సదస్సు స్థలం దాకా బస్సుకో రైలుకో అయ్యే ఖర్చు సాధారణంగా ఈ పథకాలు ఇవ్వవు. విహారస్థలాలు కాబట్టి ఆ దూరం తక్కువేమీ కాదు. దాన్ని సొంత ఖర్చుగా ముందే పక్కన పెట్టుకోండి.

బోర్డింగ్ పాసులు. ఈ ఒక్క మాట పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించుకోండి. నా విద్యార్థి ఒకరు తిరుగు ప్రయాణంలో ఫోను ఛార్జింగు అయిపోయి, ఆ తర్వాత ఆ యాప్‌లోంచి పాసు మాయమై, ఎనిమిది నెలలు తన డబ్బు కోసం తిరిగారు. చివరికి విమాన సంస్థ నుంచి ప్రయాణ ధ్రువపత్రం తెప్పించాం. కౌంటర్ దగ్గర కాగితం పాసే అడిగి తీసుకోండి, అక్కడికక్కడే ఫోటో తీసి ఎవరికైనా పంపండి. సదస్సు హాజరు పత్రం చివరిరోజు మధ్యాహ్నానికే తీసుకోండి. సాయంత్రానికి ఆ బల్ల దగ్గర ఎవరూ ఉండరు. తిరిగొచ్చాక ఖర్చుల పట్టిక, వినియోగ ధ్రువపత్రం, ఒక చిన్న నివేదిక. నివేదిక విమానంలోనే రాసేయండి, ఇంటికొచ్చాక రాయరు.

ఇంకొకటి. నమూనా చూపించడానికి ఊక సంచిలో వేసుకెళ్లాలన్న ఆలోచన వస్తుందేమో. వద్దు. మొక్కలకు సంబంధించిన పదార్థాల విషయంలో అక్కడి కస్టమ్స్ వాళ్లకు సరదాలు ఉండవు. దానికి బదులు పారదర్శకమైన కాలమ్‌లో ఊక, ఇసుక విడిపోతున్న దృశ్యాన్ని నెమ్మదిగా కదిలేలా ఫోనులో తీసి పెట్టుకోండి, నలభై సెకన్లు చాలు. పోస్టరు దగ్గర కన్నా టిఫిను బల్ల దగ్గర ఎక్కువ పనికొస్తుంది. చూపించేటప్పుడు కాలమ్ వ్యాసం ఎంతో మీరే ముందు చెప్పేయండి. ఎలాగూ అదే అడుగుతారు.